వెన్నుపాము చెప్పే కబురు



మన సమాయిల్‌లో ఖర్జూరపు తోటల నడుమ పారే ఫలజ్ కాలువను మీరందరూ చూచారు. కొండల అడుగున ఊరే నీరు భూమిలో త్రవ్విన సొరంగం గుండా వచ్చి, పైకి తేలి, పిల్లకాలువలుగా చీలి, ఒక్కొక్క తోటకూ చేరుతుంది. ఒమన్ దేశంలో ఇటువంటి కాలువలు సుమారు మూడు వేలు నేటికీ పారుతున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఒకనాడు కాలువ ఎగువభాగాన ఒక రాయి జారిపడి నీటికి అడ్డు తగిలిందనుకోండి. రాయి పడింది ఎగువన. చెట్లు వాడేది దిగువన. తోటవాడు తన తోటలో ఎంత వెదకినా కారణం కనబడదు. కాలువ వెంట పైకి నడిచి చూస్తేనే రాయి కంటబడుతుంది. సరే, రాయిని తీసివేశాడు. నీరు మళ్ళీ పారింది. మరి, చెట్లన్నీ మునుపటివలె పచ్చబడతాయా? ఆ సంగతి రాయిని చూస్తే తెలియదు, చెట్టును చూడాలి. వాడిన చెట్టు నీరు తగలగానే తేరుకొంటుంది. వేరు ఎండిన చెట్టు తేరుకోదు.

మన మెడలో కూడా ఇటువంటి కాలువ ఒకటి ఉన్నది. దానిలోనూ ఒక్కొక్కప్పుడు అడ్డు తగులుతుంది. శస్త్రవైద్యులు ఆ అడ్డును తొలగిస్తారు. అయితే తొలగించక ముందే రోగి, రోగి ఇంటివారు అడిగే ప్రశ్న ఒకటున్నది: “మళ్ళీ మునుపటివలె అవుతుందా?” ఆ ప్రశ్నకు జవాబు వెదకడంలో వెన్నుపాము చిత్రాలు ఎట్లా తోడ్పడతాయో ఈ పాఠంలో తెలుసుకొందాం.

మెడలోని కాలువ

మీ మెడ వెనుక చేయి పెట్టి మెల్లగా క్రిందికి జరపండి. గట్టి బుడిపెలు తగులుతాయి. అవి వెన్నుపూసల కొనలు. మెడలో ఏడు వెన్నుపూసలున్నాయి. ఎత్తైన జిరాఫీ మెడలోనూ ఏడే! పూసకూ పూసకూ మధ్య మెత్తని బిళ్ళ ఉంటుంది. మనం దూకినా, పరుగెత్తినా అదురు తగలకుండా ఈ బిళ్ళలు కాపాడతాయి.

ప్రతి పూసకూ వెనుకవైపు ఒక రంధ్రం ఉంటుంది. పూసలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు ఉండటం వలన ఈ రంధ్రాలన్నీ కలిసి ఒక గొట్టంవలె ఏర్పడతాయి. ఆ గొట్టంలో మెదడు నుండి దిగివచ్చే వెన్నుపాము ఉంటుంది. పెద్దవారిలో దాని పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. లావు మన చిటికెన వేలంత. దాని చుట్టూ నీటివంటి ద్రవం నిండి ఉంటుంది.

ఈ కాలువలో పారేవి కబుర్లు. “కలం పట్టుకో” అని మెదడు ఇచ్చే ఆజ్ఞ వెన్నుపాము గుండా చేతికి పోతుంది. “పాలగిన్నె వేడిగా ఉంది” అని వ్రేళ్ళు పంపే కబురు వెన్నుపాము గుండా మెదడుకు చేరుతుంది. చేతులకు, కాళ్ళకు, మొండెానికి పోయే దారులన్నీ మెడలోని ఈ ఇరుకు గొట్టం గుండానే పోవాలి.

మెడలో ఈ గొట్టం ముందు నుండి వెనుకకు సాధారణంగా 17 మిల్లీమీటర్లు ఉంటుంది. వయసు పెరిగిన కొద్దీ బిళ్ళలు అరిగి, ఉబ్బి వెనుకకు జరుగుతాయి. పూసల అంచులలో ఎముక మొనలు పెరుగుతాయి. పూసలను కట్టి ఉంచే పట్టీలు దళసరి అవుతాయి. కొందరిలో ఆ పట్టీలే ఎముకవలె గట్టిపడతాయి. గొట్టం వెడల్పు 13 మిల్లీమీటర్లకు తగ్గితే ఇరుకు అంటారు. ఇంకా తగ్గితే వెన్నుపాము నలుగుతుంది. ఫలజ్‌లో రాయి పడటం వంటిదే ఇది.

చొక్కా గుండీ చెప్పిన సంగతి

ఒక చిన్న కథ చెబుతాను. ఇందులోని మనుషులు కల్పితం. జబ్బు మాత్రం నిజమైనది.

ఒక నాన్నగారు బండి నడిపేవాడు. ఏబది ఏండ్లవాడు. ఆయన కొడుకు ఏడవ తరగతి చదివేవాడు. ఒక ఉదయం నాన్న చొక్కా గుండీ పెట్టుకోవడానికి చాలాసేపు తంటాలు పడటం పిల్లవాడు చూచాడు. మరికొన్ని రోజులకు ఇంటికి డబ్బు పంపే చోట ఆయన సంతకం కలవలేదు. రెండుసార్లు వ్రాయించి, గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. అన్నం ముద్ద వ్రేళ్ళ సందునుండి జారిపోయేది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకొనేవాడు.

“చేతులు తిమ్మిరెక్కుతున్నాయిరా, అంతే. వచ్చే ఏడు సెలవుకు ఊరు వెళ్ళినప్పుడు చూపించుకొంటాలే” అన్నాడు నాన్న. పని పోతుందేమోనని ఆయన భయం. నొప్పి కూడా లేదాయె! నొప్పి లేనిది జబ్బేమిటని ఆయన ధీమా.

పిల్లలారా, ఇక్కడే గమనించవలసిన సంగతి ఉంది. వెన్నుపాము నలిగినప్పుడు మెడనొప్పి ఉండవచ్చు, లేకపోవచ్చు. రాయి ఎగువన, వాడిన చెట్టు దిగువన అన్నట్లు, జబ్బు మెడలో ఉంటే గుర్తులు చేతులలో, కాళ్ళలో కనబడతాయి. చేతివ్రాత మారడం, వస్తువులు జారిపోవడం, నడకలో తూలడం, కాళ్ళు బిగుసుకుపోవడం దీని తొలి గుర్తులు. ఇంకా ముదిరితే మూత్రం మీద అదుపు తప్పుతుంది.

అమ్మ పట్టుబట్టింది. పిల్లవాడు కూడా వదలలేదు. ముగ్గురూ కలిసి మస్కట్‌లోని ఒక ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరుగారు మోకాళ్ళమీద చిన్న సుత్తితో తట్టి చూచాడు. తరువాత, “పిడికిలి బిగించి విప్పండి. పది సెకన్లలో ఎన్నిసార్లు చేయగలరో చూద్దాం” అన్నాడు. ఆరోగ్యవంతుడైన పెద్దవాడు పది సెకన్లలో 20 సార్లు గాని, అంతకు మించి గాని చేయగలడు. నాన్న పదకొండు దగ్గర ఆగిపోయాడు. “వెన్నుపాము చిత్రం తీయించాలి” అన్నాడు డాక్టరు.

ఎముకను దాటి చూచే కన్ను

జర్మనీ శాస్త్రజ్ఞుడు రాంట్‌జెన్ 1895లో ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. బ్రతికి ఉన్న మనిషి ఎముకలను కోయకుండా చూడటం అప్పటినుండి సాధ్యమైంది. కాని ఎక్స్-కిరణాల చిత్రంలో ఎముక కనబడుతుందే గాని మెత్తని వెన్నుపాము కనబడదు. గొట్టం కనబడుతుంది, గొట్టంలోనిది కనబడదు.

1920 దశకపు తొలినాళ్ళలో ఫ్రెంచి వైద్యులు వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవంలోనికి ఒక అయోడిన్ నూనెను ఎక్కించి ఎక్స్-రే తీశారు. నూనె ఎక్కడ ఆగిపోతే అక్కడ అడ్డు ఉన్నట్లు లెక్క. ఇది గొప్ప ముందడుగే అయినా, సూదిపోటు తప్పదు. వెన్నుపాము నీడ తెలుస్తుందే గాని దాని లోపలి స్థితి తెలియదు. 1971లో ఇంగ్లండులో మొదటిసారి ఒక రోగికి సి.టి. స్కాన్ తీశారు. ఎముకను అడ్డంగా ముక్కలు కోసినట్లు చూపించడంలో ఇది నేటికీ మేటి.

వెన్నుపామును లోపలినుండి చూపించిన కన్ను ఎం.ఆర్.ఐ. దీనికి ఎక్స్-కిరణాలు అక్కరలేదు. మన శరీరంలో సగానికి మించి నీరే గదా! నీటిలో ఉదజని పరమాణువులున్నాయి. వాటి కేంద్రకాలు చిన్న చిన్న అయస్కాంతాలవలె ప్రవర్తిస్తాయి. రోగిని ఒక పెద్ద అయస్కాంతపు గుహలో పడుకోబెడతారు. దాని బలం సాధారణంగా ఒకటిన్నర టెస్లా, అంటే భూమి అయస్కాంత బలానికి సుమారు 30,000 రెట్లు. అప్పుడు కేంద్రకాలలో కొన్ని ఎక్కువగా ఒక దిక్కుకు తిరుగుతాయి. రేడియో తరంగాలు పంపి వాటిని కదిలించి, ఆపితే, అవి తిరిగి సర్దుకొంటూ తామే సన్నని సంకేతాన్ని పంపుతాయి. యంత్రం ఆ సంకేతాలను ఏరి చిత్రంగా కూర్చుతుంది.

అమెరికాకు చెందిన పాల్ లాటర్‌బర్ 1973లో ఇట్లా చిత్రం తీయవచ్చునని చూపించాడు. ఇంగ్లండుకు చెందిన పీటర్ మాన్స్‌ఫీల్డ్ చిత్రాలను త్వరగా తీసే మార్గం వేశాడు. వీరిద్దరికీ 2003లో నోబెల్ బహుమానం లభించింది.

తెల్లమచ్చ, నల్లమచ్చ

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఎం.ఆర్.ఐ. యంత్రం ఒకే చోటును పలు విధాలుగా చిత్రించగలదు. వాటిలో ముఖ్యమైనవి రెండు. టి-1 అనే చిత్రంలో నీరు నల్లగా కనబడుతుంది. టి-2 అనే చిత్రంలో నీరు తెల్లగా కనబడుతుంది.

టి-2 చిత్రంలో ఆరోగ్యమైన మెడను చూస్తే, తెల్లని ద్రవం నడుమ బూడిదరంగు త్రాడువలె వెన్నుపాము వ్రేలాడుతూ ఉంటుంది. నలిగిన చోట ముందు వెనుకల ఉండవలసిన తెల్లని గీత మాయమవుతుంది. అంటే ద్రవం పారే చోటు కూడా మిగలలేదన్నమాట. ఇది రాయి పడిన చోటును తెలిపే గుర్తు. ఎన్ని పూసల మేర అడ్డు ఉన్నది, ముందునుండి నొక్కుతున్నదా, వెనుకనుండి నొక్కుతున్నదా అనేది దీనివల్ల తెలుస్తుంది. శస్త్రచికిత్స మెడకు ముందువైపునుండి చేయాలా, వెనుకనుండి చేయాలా అని తేల్చుకోవడానికి ఇది ఆధారం.

ఇక చెట్టు సంగతి. నలిగిన చోట కొందరికి వెన్నుపాము లోపలే ఒక తెల్లమచ్చ కనబడుతుంది. ఈ మచ్చ ఏమిటో వైద్యులు 1980 దశకం చివరినుండి శ్రద్ధగా పరిశీలిస్తూ వచ్చారు. తెలుపు అంటే నీరు అని చెప్పుకొన్నాం. అయితే ఆ నీరు రెండు కారణాల వల్ల చేరవచ్చు. నలిగిన చోట వాపు వచ్చినా నీరు చేరుతుంది. నాడీకణాలు చనిపోయి ఆ చోటు గుల్ల అయినా నీరు చేరుతుంది. వాపు తగ్గేది. గుల్ల పూడనిది. రెండూ టి-2 చిత్రంలో తెల్లగానే ఉంటాయి!

మరి వేరు చేయడం ఎట్లా? మూడు ఆనవాళ్ళున్నాయి.

మొదటిది మచ్చ తీరు. అంచులు కలిసిపోయి, పలుచగా, మసకగా ఉన్న తెలుపు అంత చెడ్డది కాదు. అంచులు తీర్చినట్లు, చుట్టూ ఉన్న ద్రవమంత మెరుస్తూ ఉన్న తెలుపు చెడు సూచన. వైద్యులు తెలుపు లేనిదానిని సున్న, మసకగా ఉన్నదానిని ఒకటి, మెరిసేదానిని రెండు అని తరగతులు కట్టారు.

రెండవది టి-1 చిత్రం. అదే చోట టి-1లో మార్పు లేకపోతే ఆశ ఎక్కువ. టి-2లో తెల్లగా ఉన్న చోటే టి-1లో నల్లగా కూడా ఉంటే, అక్కడ వెన్నుపాము గుల్లబారిందని అనుమానించాలి. ఈ రెండూ కలిసి కనబడిన రోగులు శస్త్రచికిత్స తరువాత తక్కువగా కోలుకొంటారని పలు దేశాల వైద్యులు గమనించారు.

మూడవది వెన్నుపాము మందం. చాలాకాలం నలిగిన వెన్నుపాము పీల్చుకుపోయి రిబ్బనువలె పలుచనవుతుంది. పలుచనైన కొద్దీ కోలుకొనే పాళ్ళు తగ్గుతాయి.

ఇంకొక కొత్త పద్ధతి ఉన్నది. నాడీతంతువులలోని నీరు తంతువు పొడవున సులభంగా కదులుతుంది, అడ్డంగా కదలలేదు. చెరకుగడలో రసం నిలువునా పోయినట్లు! తంతువులు చెడితే నీరు అన్ని దిక్కులా చెదురుతుంది. ఈ కదలికను కొలిచే విధానాన్ని పీటర్ బాసర్, ఆయన సహచరులు 1994లో వివరించారు. దీనిని డిఫ్యూజన్ టెన్సర్ ఇమేజింగ్ అంటారు. ఇందులో జవాబు సున్నకూ ఒకటికీ మధ్య ఒక అంకెగా వస్తుంది. ఆ అంకె తగ్గితే తంతువుల వరుస చెదిరిందని అర్థం. కంటికి మచ్చ కనబడకముందే చెడును పసిగట్టగలమా అని దీనితో పరిశోధిస్తున్నారు. కోయంబత్తూరులోని గంగా ఆసుపత్రి వైద్యులు కూడా ఈ పద్ధతిని రోగులలో పరిశీలించారు. వెన్నుపాము సన్ననిది, ఊపిరితో, గుండె కొట్టుకొనే అదురుతో కదిలేది కాబట్టి ఈ కొలత ఇంకా అంత సులువు కాలేదు. అందువల్ల దీనిని ప్రతి ఆసుపత్రిలోనూ నిత్యం వాడటం లేదు.

నల్లగొండ నేర్పిన పాఠం

ఈ జబ్బు వయసుతో వచ్చే అరుగుదల వలన మాత్రమే రాదు. మన తెలుగునాట నీటివల్ల కూడా వచ్చింది. అప్పటి నెల్లూరు జిల్లాలో కొన్ని గ్రామాల ప్రజలు వయసు మీరకముందే నడుము వంగి, కీళ్ళు బిగుసుకుపోయి బాధపడేవారు. షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1937లో ఆ బాధకు కారణం బావినీటిలోని ఫ్లోరైడు అని ప్రకటించారు. తరువాత నల్లగొండ జిల్లా పేరు ఈ జబ్బుకు గుర్తుగా దేశమంతటా వినబడింది.

ఫ్లోరైడు కొంచెం ఉంటే పళ్ళకు మేలే. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగితే ఎముకలు దళసరి అవుతాయి. పూసలను కట్టే పట్టీలు ఎముకలై పోతాయి. గొట్టం ఇరుకై వెన్నుపాము నలుగుతుంది. తరచుగా మెడలోనే నలుగుతుంది. హైదరాబాదుకు చెందిన నాడీ శస్త్రవైద్యుడు డాక్టర్ డి. రాజారెడ్డి ఇటువంటి రోగులను చాలాకాలం పరిశీలించి, ఫ్లోరైడు నాడీమండలాన్ని ఎట్లా దెబ్బతీస్తుందో వివరిస్తూ 2009లో ఒక సమగ్ర వ్యాసం ప్రచురించాడు.

ఇటువంటి మెడలలో ఎముక రాయివలె గట్టిపడి ఉంటుంది. గట్టిపడిన పట్టీలను సి.టి. చూపిస్తుంది, నలిగిన వెన్నుపామును ఎం.ఆర్.ఐ. చూపిస్తుంది. రెండు చిత్రాలు కలిస్తేనే వైద్యుడికి పూర్తి సంగతి తెలుస్తుంది. అయితే నల్లగొండ నేర్పిన పెద్ద పాఠం వేరే. అన్నింటికన్న మంచి వైద్యం మంచినీరే. నాగపూరులోని నీరీ సంస్థ 1970 దశకంలో పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించింది. దానికి “నల్లగొండ పద్ధతి” అనే పేరు ప్రపంచమంతటా స్థిరపడింది. తెలంగాణలో 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకం నదులనీటిని శుద్ధిచేసి గ్రామాలకు చేర్చే ప్రయత్నం చేసింది. రాయి పడిన తరువాత తీయడం కన్న, పడకుండా చూడటం మేలు గదా!

కోలుకోవడాన్ని కొలవడం

“బాగుపడ్డాడు” అంటే ఎంత బాగుపడ్డాడు? మాటలతో చెబితే ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా అనుకొంటారు. అందువల్ల జపాను ఎముకల వైద్యుల సంఘం 1975లో ఒక మార్కుల పట్టిక తయారుచేసింది. మొత్తం 17 మార్కులు. చేతి పనికి 4, నడకకు 4, స్పర్శకు 6, మూత్రంపై అదుపుకు 3. జపానులో పుల్లలతో అన్నం తింటారు కాబట్టి చేతి పని పరీక్షలో ఆ పుల్లలు పట్టుకోగలరా అని అడుగుతారు. ఇతర దేశాలవారు ఆ ప్రశ్నను చెంచాకూ, చొక్కా గుండీకీ మార్చుకొన్నారు. మన ఇండ్లలో అయితే అన్నం కలిపి ముద్ద చేయగలరా అని అడగవచ్చు!

కోలుకొన్న పాళ్ళు లెక్కగట్టడానికి జపాను వైద్యుడు హిరబయాషి ఒక చిన్న సూత్రం చెప్పాడు. మెడ వెనుక ఎముకను తలుపువలె తెరచి గొట్టాన్ని వెడల్పు చేసే శస్త్రచికిత్సను రూపొందించినవాడు కూడా ఆయనే. శస్త్రచికిత్సకు ముందు రోగికి 9 మార్కులు వచ్చాయనుకోండి. పూర్తి ఆరోగ్యానికి ఇంకా 8 మార్కులు తక్కువ. శస్త్రచికిత్స తరువాత 13 వచ్చాయి. అంటే 4 మార్కులు పెరిగాయి. పోయిన 8లో 4 తిరిగి వచ్చాయి కాబట్టి, కోలుకొన్నది నూటికి 50 పాళ్ళు. ఇటువంటి అంకెలను ముందు తీసిన చిత్రాల ప్రక్కన పెట్టి చూచినందువల్లనే, ఏ మచ్చ ఏమి చెబుతుందో వైద్యులకు తెలిసివచ్చింది.

చిత్రం చెప్పనిది

ఇంత చెప్పినా, చిత్రం జోస్యం కాదు. చాలామంది పెద్దవారి మెడలో అరుగుదల కనబడుతుంది. వారికి ఏ బాధా ఉండదు. చిత్రాన్ని కాక మనిషిని చూచి వైద్యం చేయాలి. మచ్చ లేనివారందరూ పూర్తిగా కోలుకోరు. మచ్చ ఉన్నవారందరూ నిరాశ చెందనక్కరలేదు. చిత్రంతోపాటు మరికొన్ని సంగతులు కూడా తూకంలో వేస్తారు. రోగి వయసు ఎంత? నడక ఎంతగా చెడింది? గుర్తులు మొదలై ఎన్ని నెలలైంది? పొగ త్రాగే అలవాటు ఉన్నదా? తక్కువ కాలం నుండి, తక్కువ బాధతో ఉన్నవారు ఎక్కువగా కోలుకొంటారు.

చిత్రం బాగా లేదని శస్త్రచికిత్స మానివేయాలా? అక్కరలేదు. పోయినది రాకపోయినా, ఉన్నది పోకుండా కాపాడటం కూడా గొప్ప లాభమే. 2017లో అంతర్జాతీయ నిపుణులు కూర్చిన సూచనల ప్రకారం జబ్బు మధ్యస్థంగా గాని, తీవ్రంగా గాని ఉన్నవారికి శస్త్రచికిత్స చేయాలి. స్వల్పంగా ఉన్నవారు శస్త్రచికిత్సను గాని, వైద్యుల పర్యవేక్షణలో వ్యాయామ చికిత్సను గాని ఎంచుకోవచ్చు. రెండవదారి పట్టినవారు జబ్బు పెరుగుతున్నదేమో కనిపెట్టి ఉండాలి.

మన కథలోని నాన్న సంగతి ఏమైంది? డాక్టరుగారు చిత్రాన్ని వెలుగుకు పట్టి చూపించాడు. టి-2లో మసక తెలుపు. టి-1లో మచ్చ లేదు. పిల్లవాడు ఉండబట్టలేక, “మా నాన్నగారి చేతులు మళ్ళీ మునుపటివలె అవుతాయాండీ?” అని అడిగాడు.

“మునుపటివలె అవుతాయని మాట ఇవ్వలేను, బాబూ. కాని ఈ చిత్రం ఆశ ఉన్నదని చెబుతోంది. ఒక ఏడాది ఆగి వచ్చి ఉంటే ఇదే మాట చెప్పగలిగేవాడినో లేదో!” అన్నాడు డాక్టరు.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఇక్కడే చేయించుకొంటాను” అన్నాడు.

శస్త్రచికిత్స జరిగింది. కోలుకోవడంలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలలలోనే కనబడుతుంది. ఆరు నెలలు గడిచేసరికి ఆయన గుండీలు తానే పెట్టుకొంటున్నాడు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం లేదు. వ్రేళ్ళ చివర తిమ్మిరి మాత్రం మిగిలిపోయింది. సంతకం పాతదానివలె రాలేదు. అందుకని కొత్త సంతకం నేర్చుకొని, నమూనా మార్పించుకొన్నాడు. దానిని కాగితాలమీద వ్రాసి వ్రాసి అలవాటు చేయించినవాడు కొడుకే.

పిల్లలారా! దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలంటారు. వెన్నుపాము చిత్రం దీపం ఇంకా ఎంత వెలుగుతున్నదో చూపిస్తుంది. ఆ దీపం ఆరకముందే వైద్యుని వద్దకు చేర్చవలసినది ఇంటివారు. మీ ఇంట పెద్దవారి చేతివ్రాత మారినా, గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, నడక తూలినా, “వయసు మీద పడింది” అని ఊరుకోకండి. మీరు చూచినది అమ్మతోనో, నాన్నతోనో చెప్పండి. ఆ ఒక్క మాట ఎగువన రాయి పడిందని తోటవాడికి మొదట చెప్పిన మాటవంటిది.

కొత్త మాటలు

వెన్నుపాము – మెదడు నుండి వెన్నెముక లోపల దిగే నాడుల త్రాడు
ఫలజ్ – ఒమన్‌లో భూగర్భజలాన్ని తోటలకు తెచ్చే కాలువ
నాడీతంతువు – కబురు మోసే సన్నని నాడీపోగు
ఉదజని – హైడ్రోజన్
ఆనవాలు – గుర్తు
పాళ్ళు – వంతులు, భాగాలు

ప్రశ్నలు

1. జబ్బు మెడలో ఉండగా గుర్తులు చేతులలో ఎందుకు కనబడతాయి? ఫలజ్ కాలువతో పోల్చి వ్రాయండి.
2. టి-2 చిత్రంలోని తెల్లమచ్చ రెండు విధాలైన చెడులను సూచించవచ్చు. అవి ఏవి? వాటిని వేరు చేయడానికి టి-1 చిత్రం ఎట్లా తోడ్పడుతుంది?
3. ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న నీటిని త్రాగితే వెన్నుపాముకు ఏమి కీడు జరుగుతుంది?
4. ఒక రోగికి శస్త్రచికిత్సకు ముందు 11 మార్కులు, తరువాత 14 మార్కులు వచ్చాయి. అతడు నూటికి ఎన్ని పాళ్ళు కోలుకొన్నాడు?
5. “చిత్రం జోస్యం కాదు” అని రచయిత ఎందుకన్నాడు? మీ సొంత మాటలలో వ్రాయండి.

చేసి చూడండి

పది సెకన్లలో పిడికిలి ఎన్నిసార్లు బిగించి విప్పగలరో మీ స్నేహితునితో లెక్కపెట్టించుకోండి. ప్రతిసారి వ్రేళ్ళు పూర్తిగా ముడవాలి, పూర్తిగా చాచాలి. ఇది మీకు ఆటే, వైద్యునికి పరీక్ష. అంకె తక్కువ వచ్చిందని ఎవరినీ ఎగతాళి చేయకండి. జబ్బు ఉన్నదీ లేనిదీ తేల్చవలసినవాడు వైద్యుడు మాత్రమే.